ఈ ఫీచర్ రేపు ఉంటుందా?

సూరత్ నుంచి నవసారి వైపు వెళ్లే రైలు దారిలో ఉంది సచిన్. ఒకప్పుడు సిద్దీ నవాబులు ఏలిన చిన్న సంస్థానం. ఇప్పుడు మరమగ్గాలు, అద్దకం మిల్లులు, ప్రత్యేక ఆర్థిక మండలి ఉన్న పారిశ్రామిక వాడ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా సూరత్ మగ్గాలను నమ్ముకుని బతుకుతున్నాయి. ఆ వాడలో ఒక చిన్న యూనిట్ యజమాని నూలు కొనుగోళ్లు, జాబ్‌వర్కు చలాన్లు, గ్రే క్లాత్ నిల్వలు, జీఎస్టీ బిల్లులు అన్నీ ఈఆర్‌పీనెక్స్ట్‌లో పెట్టుకున్నాడనుకుందాం. ముంబైలోని ఫ్రాపే సంస్థ తయారుచేసే ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము ఉండదు. అతను లెక్క చూసుకోవలసింది వేరే ఉంది. ఈరోజు బిల్లు కొట్టే తీరు వచ్చే ఏడాది కూడా ఇలాగే ఉంటుందా?

2022లో వచ్చిన వెర్షన్ 14 ఈ ప్రశ్నను నిజంగానే ముందుకు తెచ్చింది. అంతవరకు ఈఆర్‌పీనెక్స్ట్‌లోనే కలిసి ఉన్న భారతీయ జీఎస్టీ సదుపాయాలను అందులోంచి తీసి ‘ఇండియా కంప్లయన్స్’ అనే వేరే యాప్‌కు మార్చారు. జీతాలు, సెలవులు చూసే భాగం కూడా ఫ్రాపే హెచ్‌ఆర్ పేరుతో విడిపోయింది. వెర్షన్ 13 నుంచి 14కు వెళ్లేవాళ్లు ఈ యాప్‌లను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మార్పుకు గట్టి కారణమే ఉంది. ఈ-ఇన్‌వాయిస్ నిబంధన 2020 అక్టోబరులో 500 కోట్ల రూపాయల టర్నోవర్ దాటిన సంస్థలతో మొదలై, మెట్లు దిగుతూ 2023 ఆగస్టు నాటికి 5 కోట్లు దాటిన వాళ్ల దాకా వచ్చింది. చట్టం ఇంత వేగంగా మారుతుంటే పన్ను భాగం మొత్తం సాఫ్ట్‌వేర్ విడుదల కోసం కాచుకుని కూర్చోలేదు. ఏ సదుపాయమూ మాయం కాలేదు, ఇల్లు మారింది అంతే. అయినా అప్‌గ్రేడ్ సూచనలు చదవకుండా బటన్ నొక్కిన వాడికి, చదివి నొక్కిన వాడికి ఆ పూట అనుభవం ఒకటి కాదు.

ఓపెన్ సోర్స్ ప్రపంచంలో ఇది పాత సమస్య. ఇక్కడ అమ్మేవాడు, కొనేవాడు అన్న ఒప్పందం లేదు. రాసినవాడికి వాడేవాడి ముఖం తెలియదు, వాడేవాడికి రాసినవాడి ఫోన్ నంబరు తెలియదు. ఇద్దరి మధ్యా ఉన్నది కోడ్, దానితో వచ్చే పత్రాలు. ఏ ఫీచర్ నిలకడైనది, ఏది ప్రయోగంలో ఉంది, దేనికి కాలం దగ్గరపడింది అన్నది ఆ పత్రాల్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఎవరి ఊహ వారిది. గత ముప్ఫై ఏళ్లలో పెద్ద ప్రాజెక్టులు ఈ సంగతిని రాసిపెట్టడానికి రకరకాల పద్ధతులు పట్టాయి. వాటిలో ఏవి నిలిచాయి, ఏవి చెడ్డాయి అని చూస్తే ఒక విషయం తేటగా కనిపిస్తుంది. ‘స్థిరం’ అన్న ముద్ర ఒక్కటే ఎవరినీ కాపాడదు. ఆ ముద్ర దేనికి హామీ ఇస్తోందో, ఎంతకాలానికి ఇస్తోందో విడమరిచి చెప్పాలి. చెప్పినది వాడుకరి చేయి పెట్టే చోటికే చేరాలి.

ముందుగా ఆ మాటలోని చిక్కు. స్థిరం అంటే కూలిపోకుండా పనిచేస్తుందనా? దాన్ని పిలిచే పద్ధతి, ఫైళ్ల రూపం మారవనా? భద్రతా లోపం బయటపడితే సరిచేసే బాధ్యత ఎవరో తీసుకున్నారనా? డెబియన్ దృష్టిలో ‘స్టేబుల్’ విడుదల అంటే ఆ ప్యాకేజీల వెర్షన్లు ఇక మారవని, భద్రత కోసమో తీవ్రమైన లోపాల కోసమో తప్ప వాటిని కదపరని. రస్ట్ భాష దృష్టిలో అదే మాటకు అర్థం నేడు కంపైల్ అయిన ప్రోగ్రాం రేపటి కంపైలర్‌తోనూ అవుతుందని. రెండూ మంచి హామీలే, కానీ వేరువేరు హామీలు.

ఈ చిక్కును అందరికంటే శ్రద్ధగా విడదీసింది జెన్ ప్రాజెక్టు. ఒకే యంత్రం మీద అనేక ఆపరేటింగ్ సిస్టమ్‌లను నడిపే హైపర్‌వైజర్ అది. 2017 చివర్లో వచ్చిన 4.10 నుంచి మూల కోడ్‌తోపాటే ‘సపోర్ట్’ అనే ఒక ఫైలును ఉంచుతోంది. అందులో ప్రతి ఫీచర్‌కూ ప్రయోగాత్మకం, సాంకేతిక పరిచయం, మద్దతు ఉన్నది, విరమణకు దగ్గరైనది వంటి స్థాయి ఉంటుంది. అసలు విలువ ఆ స్థాయిల పేర్లలో కంటే నిర్వచనాల్లో ఉంది. ఒక్కో స్థాయి నాలుగు ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెబుతుంది. పని పూర్తయిందా, నడక నమ్మదగినదా, ఇంటర్‌ఫేస్ మారకుండా ఉంటుందా, భద్రతా మద్దతు ఉందా. సాంకేతిక పరిచయం స్థాయిలో ఉన్న ఫీచర్ పని పూర్తయినదే, దాని ఇంటర్‌ఫేస్ కూడా దాదాపు కుదురుకున్నదే. కానీ అందులో భద్రతా లోపం దొరికితే ప్రాజెక్టు అధికారిక భద్రతా ప్రకటన ఇవ్వదు. సర్వర్లు అద్దెకిచ్చే వ్యాపారికి ఈ ఒక్క వాక్యం చాలు, ఆ ఫీచర్‌ను కస్టమర్లకు ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికి. ఇంత చిన్న ఫైలులో ఇంత పని జరగడం మెచ్చుకోదగిన విషయం.

హడూప్ మరో కోణం పట్టుకుంది. భారీ డేటాను వేల యంత్రాల మీద నడిపే ఈ ప్రాజెక్టులో వనరులు పంచే ‘యార్న్’ గురించి 2013లో వెలువడిన పరిశోధన పత్రానికి మొదటి రచయిత వావిలపల్లి వినోద్ కుమార్. హడూప్ కోడ్‌లో ప్రతి ముఖ్య భాగం మీదా రెండు గుర్తులు పెడతారు. ఒకటి దాన్ని ఎవరు వాడవచ్చో చెబుతుంది: అందరూనా, పేర్కొన్న కొన్ని ప్రాజెక్టులేనా, లోపలివాళ్లేనా అని. రెండోది అది ఎంత నిలకడైనదో చెబుతుంది: స్థిరం, ఇంకా రూపుదిద్దుకుంటున్నది, అస్థిరం అని. ఎవరికి హామీ అన్న ప్రశ్న ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 2015 ఏప్రిల్‌లో హడూప్ 2.7.0 విడుదలైనప్పుడు ఇది ఇంకా అసలు పనికి సిద్ధంగా లేదని, తర్వాతి చిన్న విడుదల దాకా ఆగమని ప్రకటనలోనే రాశారు. వెర్షన్ సంఖ్యను చూస్తే ఆ సంగతి తెలియదు. సంఖ్య పక్కన మనిషి రాసిన వాక్యం చెప్పింది.

వెర్షన్ సంఖ్యలతోనే అంతా చెప్పాలన్న ప్రయత్నమూ ఉంది. టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాసిన సెమాంటిక్ వెర్షనింగ్ ప్రకారం మొదటి అంకె మారితే పాత పద్ధతి తెగినట్టు, రెండోది మారితే కొత్త సదుపాయం చేరినట్టు, మూడోది మారితే దోషం సరిచేసినట్టు. సున్నాతో మొదలైతే ఏదైనా మారవచ్చు. వేల లైబ్రరీలు దీన్ని పాటిస్తున్నాయి, ఉపయోగమూ ఉంది. కాకపోతే ఒకే సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లుగా నిలిచిన ఫీచర్, నిన్న చేరిన ఫీచర్ పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ కలిపి ఒక సంఖ్య ఏం చెప్పగలదు?

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కథ దీనికి మంచి సాక్ష్యం. ఈ ఫైల్ సిస్టమ్ 2009లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ నమ్మవచ్చా?’ అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఎప్పుడూ దొరకలేదు. సూసే సంస్థ 2014లో తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 12లో దాన్నే ముఖ్య ఫైల్ సిస్టమ్‌గా పెట్టింది. 2017లో రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో దాన్ని వదులుకుంటున్నట్టు ప్రకటించి, వెర్షన్ 8లో తీసేసింది. 2020లో ఫెడోరా 33 డెస్క్‌టాప్‌కు అదే ముఖ్య ఫైల్ సిస్టమ్ అయింది. బయటి నుంచి చూసేవాడికి ఇది అయోమయంగా ఉంటుంది. ప్రాజెక్టు నిర్వహించే స్థితి పట్టిక చూస్తే సగం అయోమయం తీరుతుంది. అక్కడ కంప్రెషన్ ఒక వరుస, స్నాప్‌షాట్ ఒక వరుస, డిస్కులను కలిపి అమర్చే పద్ధతుల్లో రెయిడ్ 1 ఒక వరుస, రెయిడ్ 5, 6 మరో వరుస. చాలావాటికి సరే అన్న ముద్ర ఉంటే, రెయిడ్ 5, 6కు అస్థిరం అన్న ముద్ర ఏళ్ల తరబడి ఉంది. రాత మధ్యలో కరెంటు పోతే డేటా, దాన్ని సరిచూసే సమాచారం పొంతన తప్పే ప్రమాదం ఉండడమే కారణం. నాలుగు డిస్కులు పెట్టుకుని ఏ పద్ధతిలో అమర్చాలా అని ఆలోచించే వాడికి ఆ పట్టిక డేటా దక్కిస్తుంది. తమ పనిలోని లోపాన్ని తామే పట్టికకెక్కించి అందరి ముందూ పెట్టడం తేలిక కాదు. ఆ నిజాయితీ వల్లే మిగతా వరుసల్లోని ‘సరే’కు విలువ వచ్చింది.

ముద్ర విలువ పోగొట్టుకున్న కథ లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. ఒకప్పుడు కెర్నెల్ అమర్చేటప్పుడు ‘ఎక్స్‌పెరిమెంటల్’ అనే ఎంపిక కనిపించేది. దాన్ని ఆన్ చేస్తేనే ఇంకా పరీక్షలో ఉన్న డ్రైవర్లు, సదుపాయాలు జాబితాలోకి వచ్చేవి. ఆలోచన మంచిదే. కానీ పెట్టిన ముద్రను తీసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. ఏళ్లు గడిచి బాగా కుదురుకున్న డ్రైవర్లు కూడా ఆ ముద్ర కిందే ఉండిపోయాయి. అవి కావాలి కాబట్టి డిస్ట్రిబ్యూషన్లన్నీ ఆ ఎంపికను ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టాయి. అందరూ ఆన్ చేసే హెచ్చరిక ఇక దేన్ని హెచ్చరిస్తుంది? 2012 కెర్నెల్ సమ్మిట్‌లో దాన్ని తీసేయాలని ఒప్పుకున్నారు. కెర్నెల్ డెవలపర్ కీస్ కుక్ ఆ పని తలకెత్తుకుని కెర్నెల్ అంతటా ఉన్న ప్రస్తావనలను ఒక్కొక్కటిగా తొలగించారు. ముద్ర వేయడం ఒక పూట పని, దాన్ని నిజంగా ఉంచడం ఏళ్ల పని అని డెవలపర్లకు నేర్పిన ఘటన ఇది.

అదే కెర్నెల్‌లో మరో ఏర్పాటు ఇప్పటికీ బాగానే నడుస్తోంది. బయటి ప్రోగ్రాంలు వాడే ఇంటర్‌ఫేస్‌ల వివరాలను స్థిరం, పరీక్షలో, కాలం చెల్లినవి, తొలగించినవి అనే నాలుగు డైరెక్టరీల్లో రాసిపెడతారు. స్థిరమైన వాటికి కనీసం 2 ఏళ్ల హామీ. ఒక్కో ఎంట్రీలో అది ఏమిటి, ఎప్పుడు వచ్చింది, ఏ వెర్షన్‌లో వచ్చింది, ఎవరిని అడగాలి అన్న వివరాలతోపాటు ‘వాడుకరులు’ అన్న గడి ఉంటుంది. మార్పు జరిగితే తమకు చెప్పమని కోరుకునేవాళ్ల పేర్లు అందులో చేరుస్తారు. పరీక్షలో ఉన్న ఇంటర్‌ఫేస్‌లకు ఈ గడి మరీ ముఖ్యమని సూచనల్లోనే ఉంది. రాసేవాడికి వాడేవాడి ముఖం తెలియని లోకంలో ఈ గడి చాలా విలువైన ఆలోచన. మిగతా ప్రాజెక్టులు దీన్ని ఎందుకు అందిపుచ్చుకోలేదో అర్థం కాదు. ఇదే కెర్నెల్ తన లోపలి ఇంటర్‌ఫేస్‌లకు మాత్రం ఏ హామీ లేదని గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ రాసిన పత్రంలో కరాఖండిగా చెబుతుంది. బయటికి ఇచ్చిన మాట తప్పకూడదు, లోపల ఏదైనా మార్చుకోవచ్చు. లేని హామీని కూడా లేదని రాసిపెట్టడం పత్రాల ధర్మమే.

సర్వర్ల మీద జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్ పద్ధతి చదువరికి దగ్గరగా ఉంటుంది. దాని సహాయ పత్రాల్లో ప్రతి విభాగం తల మీదే ఒక సూచిక కనిపిస్తుంది. తొలినాళ్లలో 0 నుంచి 5 వరకు ఆరు స్థాయిలుండేవి. స్థిరం, గడ్డకట్టినది, తాళం వేసినది అంటూ స్థిరత్వంలోనే మూడు మెట్లు. అంత సన్నని తేడా వాడేవాళ్లకు పనికిరాలేదు కాబోలు, తర్వాత కుదించారు. ఇప్పుడు 0 అంటే వద్దన్నది, 1 ప్రయోగాత్మకం, 2 స్థిరం, 3 పాతకాలపుది. సన్నని తేడా ఎక్కడ అవసరమో అక్కడికే మార్చారు. ప్రయోగాత్మక దశనే తొలి పని, చురుకైన పని, విడుదలకు దగ్గర అని మూడుగా విడదీశారు. ప్రయోగంలో ఉన్న అనేక సదుపాయాలను వాడగానే టెర్మినల్‌లో హెచ్చరిక కూడా పడుతుంది. పత్రం చదవని వాడి కంట కూడా పడుతుంది కాబట్టి అదీ డాక్యుమెంటేషనే.

పైథాన్ 2012లో ‘ప్రొవిజనల్’ అనే స్థాయిని రాసుకుంది. ప్రామాణిక లైబ్రరీలో చేరినా కొంతకాలం మారే హక్కు ఉంచుకున్న మాడ్యూళ్ల కోసం పెట్టినది అది. అసింక్‌ఐఓ మాడ్యూల్ 2014లో 3.4తో ఆ ముద్రతో వచ్చి, 2016 చివర్లో 3.6తో దాన్ని వదిలించుకుంది. ముద్ర ఎలా పడాలి, ఎలా పోవాలి అన్నదానికి ఇది చక్కని ఉదాహరణ. పోయే వాటికీ అంతే స్పష్టత ఉంది. డిస్ట్‌యూటిల్స్‌ను 2021లో 3.10లో వద్దని ప్రకటించి, 2023లో 3.12లో తీసేశారు.

బీటా దశలోనే ఇరుక్కుపోయిన ఫీచర్ల గురించి మాట్లాడాలంటే అనేక యంత్రాల మీద కంటైనర్లను నడిపే కుబర్నెటీస్ దగ్గర ఆగాలి. ఇక్కడ ఆల్ఫా, బీటా, స్థిరం అని మూడు మెట్లు. ఆల్ఫా చెప్పకుండా పోవచ్చు. బీటా పోవాలంటే కనీసం 9 నెలలో, 3 విడుదలలో, ఏది ఎక్కువైతే అంత గడువివ్వాలి. రాతలో అంతా సక్రమమే. నడకలో ఏం జరిగిందంటే, బయటి నుంచి వచ్చే వెబ్ ట్రాఫిక్‌ను దారి మళ్లించే ‘ఇంగ్రెస్’ 2015లో బీటాగా వచ్చి 2020 ఆగస్టులో 1.19 దాకా బీటాగానే ఉంది. దాదాపు ఐదేళ్లపాటు ప్రపంచమంతా దాన్ని నిజమైన పనికి వాడుకుంది. బీటా అన్న మాటకు భయపడిన వాడు లేడు. భద్రత కోసం పెట్టిన పాడ్ సెక్యూరిటీ పాలసీ అయితే స్థిర దశకు చేరనే లేదు. 2021లో విరమణ ప్రకటించి, 2022 ఆగస్టులో 1.25లో తొలగించారు. దాని మీద నియమాలు కట్టుకున్న సంస్థలు వాటిని మళ్లీ రాసుకోవలసి వచ్చింది.

ప్రాజెక్టు ఈ అనుభవం నుంచి రెండు నిర్ణయాలు తీసుకుంది. 1.19 నుంచి బీటా ఇంటర్‌ఫేస్‌కు గడియారం పెట్టారు. నిర్ణీత గడువులోగా అది స్థిరమైనా కావాలి, కొత్త బీటాకైనా మారాలి, లేదా విరమణ దారైనా పట్టాలి. 1.24 నుంచి కొత్త బీటా ఇంటర్‌ఫేస్‌లు వాటంతట అవి ఆన్ కావు. కావలసినవాడు తెలిసి తెరుచుకోవాలి. పత్రంలో ఉన్న మాటను సాఫ్ట్‌వేరే అమలు చేయడం ఇది. మూడు దశాబ్దాల ఈ ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద ముందడుగు ఇదేననిపిస్తుంది.

రాసిపెట్టినా చేరకపోతే ఏమవుతుందో 2023 మార్చి 14న రెడిట్‌లో తెలిసింది. ఒక కుబర్నెటీస్ క్లస్టర్‌ను 1.23 నుంచి 1.24కు మార్చగానే నెట్‌వర్క్ పడిపోయి, సేవ 314 నిమిషాలు ఆగింది. యంత్రాల మీద ‘మాస్టర్’ అని ఉండే లేబుల్‌ను 1.24లో తీసేశారు, దాని బదులు ‘కంట్రోల్ ప్లేన్’ అన్నది ఉంచారు. ఏళ్ల క్రితం ఎవరో అమర్చిన నెట్‌వర్క్ సెట్టింగు ఆ పాత లేబుల్ మీద ఆధారపడి ఉంది. లేబుల్ పోతుందని 1.20లోనే, అంటే రెండేళ్లకు పైగా ముందే ప్రకటించారు. ఈ సంగతులన్నీ రెడిట్ ఇంజనీర్లే బయటపెట్టారు, అందుకు వారికి కృతజ్ఞత చెప్పాలి. అవతల ప్రకటన ఉంది, ఇవతల సెట్టింగు ఉంది. రెండింటినీ కలిపే దారం లేదు.

రస్ట్ ఆ దారాన్ని కంపైలర్‌లోనే పెట్టింది. 2015 మే 15న వచ్చిన 1.0 నుంచి ప్రతి 6 వారాలకూ కొత్త విడుదల. స్థిరపడని ఫీచర్ వాడాలంటే ప్రోగ్రాం మొదట్లోనే దాని పేరు రాయాలి, అదీ రోజువారీ తయారయ్యే నైట్‌లీ కంపైలర్‌తోనే నడుస్తుంది. స్థిర కంపైలర్ ఒప్పుకోదు. ప్రామాణిక లైబ్రరీ పత్రాల్లో ప్రతి ఫంక్షన్ పక్కనా అది ఏ వెర్షన్ నుంచి స్థిరమో ఉంటుంది. ఆ సమాచారం కోడ్‌లోని గుర్తు నుంచే వస్తుంది కాబట్టి పత్రం ఒకటి, నడక ఒకటి అయ్యే వీలు తక్కువ. ఇంత కట్టుదిట్టంలోనూ సందు ఉంది. 2022 చివర్లో 6.1తో రస్ట్‌ను తనలోకి తీసుకున్న లినక్స్ కెర్నెల్‌కు కొన్ని అస్థిర ఫీచర్లు అవసరమయ్యాయి. ఒక ప్రత్యేక సెట్టింగుతో తాళం తీసి వాడుకుంటోంది. అయితే ఏయే ఫీచర్లు వాడుతోందో జాబితా రాసి, అవి స్థిరపడేలా రస్ట్ బృందంతో కలిసి పనిచేస్తోంది. మినహాయింపునూ రాసిపెట్టడం అంటే అదే.

తెలుగువాళ్లకు ఈ చర్చ దూరపుది కాదు. 2000ల తొలినాళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి. ఏ సంఖ్య ఏ అక్షరానికి అన్నది ఎవరి లెక్క వారిది. ఈనాడు ఫాంటులో ఉన్నది వార్త ఫాంటులో చదవలేం. ఈ గందరగోళాన్ని దాటించినది వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్ఆన్. తెరిచిన పేజీలోని సొంత సంకేతాలను అక్కడికక్కడే యూనికోడ్ తెలుగుగా మార్చి చూపేది. అది ఫైర్‌ఫాక్స్ పాత యాడ్ఆన్ విధానంలో, ఎక్స్‌యూఎల్ పద్ధతిలో కట్టినది. ఆ పద్ధతి యాడ్ఆన్‌కు బ్రౌజర్ లోపలి భాగాలన్నిటి మీదా చేయి వేసే వీలిచ్చింది. ఇది వాడుకోవచ్చు, అది వాడకూడదు అన్న గీత గీయలేదు. పద్మ వంటివి సాధ్యమయ్యాయంటే ఆ స్వేచ్ఛ వల్లే. అదే స్వేచ్ఛ వల్ల బ్రౌజర్‌లో ఏ చిన్న భాగం మార్చినా ఎక్కడో ఒక యాడ్ఆన్ విరిగేది. గూగుల్‌లో పనిచేసిన ఇంజనీర్ హైరమ్ రైట్ పేరు మీద చెప్పుకునే సూత్రం సరిగ్గా దీని గురించే. వాడేవాళ్లు తగినంత మంది ఉంటే, పత్రంలో ఏం రాసినా సరే, సాఫ్ట్‌వేర్ బయటికి చూపే ప్రతి లక్షణం మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారు.

మొజిల్లా 2015 ఆగస్టులో ఆ పద్ధతికి విరమణ ప్రకటించింది. 2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57లో పాత పద్ధతి యాడ్ఆన్‌లన్నీ ఆగిపోయాయి. రెండేళ్లకు పైగా గడువు ఇచ్చారు, సంస్థల కోసం నడిపే దీర్ఘకాల వెర్షన్ 52లో మరికొంత కాలం ఉంచారు. పెద్ద కంపెనీల యాడ్ఆన్‌లు కొత్త పద్ధతికి మారాయి. ఒక్క మనిషి తీరిక వేళల్లో రాసిన వాటికి రెండేళ్ల గడువు కూడా చాలదు. చిన్న భాషలకు పనికివచ్చే పనిముట్లు ఎక్కువగా అలాంటి చేతుల నుంచే వస్తాయి. విరమణ గడువు నిర్ణయించేటప్పుడు ప్రాజెక్టులు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవడం న్యాయం.

యూనికోడ్ మాత్రం దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. 1991లో మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు అందులో చోటుంది, ఆ అమరిక భారతీయ సంకేత ప్రమాణం ఇస్కీ 1988 నుంచి వచ్చింది. 1996లో 2.0 వచ్చినప్పుడు కొరియన్ అక్షరాలను ఒక చోట నుంచి మరో చోటికి తరలించారు. అంతకుముందు కొరియన్‌లో రాసిన యూనికోడ్ ఫైళ్లు పనికిరాకుండా పోయాయి. ఆ దెబ్బతో కట్టుకున్నదే స్థిరత్వ విధానం. ఒకసారి చోటిచ్చిన అక్షరాన్ని కదపరు, తీసెయ్యరు, దాని అధికారిక పేరు కూడా మార్చరు. ఒక నిలువు బ్రాకెట్ పేరులో రెండక్షరాలు తారుమారై అచ్చయితే, ఆ తప్పును అలాగే ఉంచి సరైన పేరును పక్కన అలియాస్‌గా చేర్చారు. తెలుగులో 2008లో ౘ, ౙ, అవగ్రహం చేరాయి. 2015లో ౚ, 2021లో నకారపొల్లు వచ్చాయి. వీటిలో ఏదీ పాత రాతను కదపలేదు. ఇరవై ఏళ్ల కిందట యూనికోడ్‌లో తెలుగు టైపు చేసి దాచుకున్న వాడి ఫైలు ఈరోజు ఫోనులో తెరిచినా అవే అక్షరాలు కనిపిస్తాయి.

ఇక్కడా జెన్ వాళ్లు విడదీసిన ప్రశ్నలు గుర్తుంచుకోవాలి. సంకేతం స్థిరంగా ఉన్నంత మాత్రాన దాన్ని చూపే సాఫ్ట్‌వేర్ సరిగా నడవాలని లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక క్రమంలో పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అక్షరం తప్పు అక్కడ ఏమీ లేదు.

యూనికోడ్ గొడుగు కిందే ఉన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఐసీయూలో ప్రతి ఫంక్షన్ మీదా ముసాయిదా, స్థిరం, వద్దన్నది, లోపలిది అన్న గుర్తు, అది ఏ వెర్షన్‌దో ఉంటాయి. దానికి సమాచారం అందించే సీఎల్‌డీఆర్‌లో తెలుగు నెలల పేర్లు, తేదీ రాసే తీరు, దేశాల పేర్లు ఉంటాయి. ఫోనులో తెలుగు క్యాలెండర్ చూపే మాటలు చాలావరకు అక్కడివే. వాటి మీద కూడా స్థిరత్వపు ముద్రలున్నాయి. ఒక్కో మాట ధ్రువపడనిదిగా మొదలై, తాత్కాలికం, అందినది అన్న మెట్లు దాటి ఆమోదం పొందినదిగా నిలుస్తుంది. మెట్టు ఎక్కించేది ఓట్లు. సంస్థల తరఫున ఓటేసేవాళ్లకు బరువెక్కువ, అతిథులుగా వచ్చినవాళ్లకు తక్కువ. ఒక తెలుగు మాట కింది మెట్టు మీదే ఉండిపోయిందంటే అది తప్పని కాదు, చూసి చెప్పేవాళ్లు తక్కువయ్యారని. ఇలాంటి ముద్ర కోడ్ గురించి కంటే దాని చుట్టూ ఉన్న మనుషుల గురించి ఎక్కువ చెబుతుంది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా 2020లో తన స్థిర ఇంటర్‌ఫేస్ విధానాన్ని తిరగరాసింది. ఒక భాగాన్ని బయటి కోడ్ పిలవవచ్చా, దాన్ని విస్తరించి కొత్తది కట్టుకోవచ్చా అన్నవాటికి అందులో వేరువేరు ముద్రలున్నాయి. పిలవడానికి స్థిరమైనది విస్తరించడానికి స్థిరం కాకపోవచ్చు.

అనువాదకులకు దక్కే హామీ గురించి పత్రాల చర్చల్లో పెద్దగా మాట్లాడరు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వంటి బృందాలు, విడివిడిగా పనిచేసే ఔత్సాహికులు గ్నోమ్, కేడీఈ వంటి డెస్క్‌టాప్‌లను తెలుగులోకి తెచ్చారు. వారికి ఇంటర్‌ఫేస్ అంటే తెర మీది వాక్యమే. గ్నోమ్ ఆరు నెలలకోసారి విడుదలవుతుంది. విడుదలకు కొన్ని వారాల ముందు నుంచి తెర మీది వాక్యాలను మార్చకూడదన్న నియమం ఉంది, దాన్ని స్ట్రింగ్ ఫ్రీజ్ అంటారు. తప్పనిసరిగా మార్చాలంటే డెవలపర్ ముందుగా అనువాద బృందం అనుమతి అడగాలి. వాక్యం మారినా, చివర ఒక చుక్క చేరినా, గెట్‌టెక్స్ట్ పనిముట్టు పాత అనువాదాన్ని ‘ఫజీ’ అని గుర్తించి పక్కన పెడుతుంది. అనువాదకుడు మళ్లీ చూసి సరే అనేదాకా వాడుకరికి ఆ చోట ఇంగ్లీషే కనిపిస్తుంది. వందమంది అనువాదకులున్న భాష రెండు రోజుల్లో ఆ ఖాళీ పూడ్చుకుంటుంది. ఇద్దరు ముగ్గురే ఉన్న భాషలో ఆ ఇంగ్లీషు వాక్యం తర్వాతి విడుదల దాకా, అంటే ఆరు నెలలు, అలాగే ఉండిపోతుంది.